రంగుగాజు పలకల కాలనిర్ణయం – చేతిపని చెప్పే సాక్ష్యం

ఒక కళాఖండం ఏ కాలానిదో తేల్చడానికి సాధారణంగా మనం రెండు దారులు తొక్కుతాం. ఒకటి, దానిమీద రాసి ఉన్నదాన్ని నమ్మడం. రెండు, దాని శైలిని చూసి ఊహించడం. సాహిత్య విద్యార్థులకు ఈ రెండు దారులూ పరిచితమైనవే. కృతిభర్త పేరును బట్టి, అవతారికలోని వంశావళిని బట్టి కవి కాలాన్ని లెక్కకట్టడం మొదటి దారి. భాష పాతగా ఉంది కనుక ముందుది, శైలి ముదిరింది కనుక తర్వాతిది అనడం రెండో దారి. ఇవి రెండూ అవసరమే. అయితే ఇవి ఎంతవరకు నమ్మదగినవి? వీటిని నిలదీసి అడగగల మూడో సాక్ష్యం ఏదైనా ఉందా?

ఈ ప్రశ్నను సాహిత్యానికి కొంచెం దూరంగా తీసుకుపోయి పరిశీలిస్తే విషయం తేటపడుతుందని నా నమ్మకం. అందుకని మధ్యయుగ యూరపు చర్చీల కిటికీలలో బిగించిన, బొమ్మలు గీసిన రంగుగాజు పలకలను ఈ వ్యాసానికి వస్తువుగా తీసుకుంటున్నాను. ఈ పలకల వయసు తేల్చడం యూరపులో 19వ శతాబ్ది నుంచి ఒక శాస్త్రంగా పెరిగింది. ఆ శాస్త్రం నడిచిన దారిలో మన సాహిత్య చరిత్రకారులు నేర్చుకోవలసింది కొంత ఉంది.

1

ముందుగా ఈ పలక ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. తయారీ తెలియకుండా కాలనిర్ణయానికి పూనుకోవడం ఛందస్సు తెలియకుండా పాఠ పరిష్కరణకు దిగడం వంటిది.

12వ శతాబ్ది తొలి భాగంలో థియోఫిలస్ అనే మారుపేరుతో ఒక క్రైస్తవ సన్యాసి చేతిపనులమీద లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. అందులో ఒక భాగమంతా గాజు పనికి కేటాయించాడు. బీచ్ చెట్టు కట్టెల బూడిద రెండు పాళ్లు, కడిగిన ఇసుక ఒక పాలు కలిపి కొలిమిలో కరిగించమన్నాడు. కరిగిన గాజును గొట్టంతో ఊది, కోసి, పలకగా చదును చేయాలి. సున్నం పూసిన చెక్కబల్లమీద బొమ్మను అసలు పరిమాణంలో గీసుకోవాలి. దానిమీద గాజును పరిచి, ఎర్రగా కాల్చిన ఇనుముతో బొమ్మ ఆకారానికి తగ్గట్టు పగలదీయాలి. అంచులను గాడి ఉన్న ఇనుప పనిముట్టుతో కొరుకుతూ సరిచేయాలి. ముఖాలు, బట్టల మడతలు, అక్షరాలు గీయడానికి కాల్చిన రాగిపొడినీ గాజుపొడినీ ద్రాక్షసారాయితోగాని మూత్రంతోగాని నూరి సిరా చేసుకోవాలి. గీసిన ముక్కలను మళ్లీ కొలిమిలో కాలిస్తే ఆ గీత గాజును పట్టుకుని నిలుస్తుంది. చివరకు రెండువైపులా గాడి ఉన్న సీసపు బద్దలలో ముక్కలను ఇరికించి, బద్దల కొసలను అతకాలి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కిటికీలో మనకు కనిపించే ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎవరూ కుంచెతో పూసినవి కావు. గాజు కరిగేటప్పుడు కలిపిన రాగి, కోబాల్టు, ఇనుము, మాంగనీసు వంటి లోహాల వల్ల వచ్చినవి. కుంచె గీసింది నలుపు, గోధుమ గీతలు మాత్రమే. రంగు మారవలసిన ప్రతిచోటా గాజు ముక్కే మారాలి. ముక్క మారిన ప్రతిచోటా సీసపు గీత రావాలి. అంటే బొమ్మ రూపాన్ని శాసించింది చిత్రకారుడి ఇష్టం ఒక్కటే కాదు, కొలిమి, బూడిద, సీసం కూడా శాసించాయి. రూపానికి వెనక ఉన్న ఈ పని పరిస్థితులే కాలనిర్ణయానికి మూడో సాక్ష్యం.

2

ఈ సాక్ష్యాన్ని చదివే పద్ధతి చూద్దాం.

మొదట గాజు. బూడిదతో చేసిన మధ్యయుగపు గాజు వానకు, తేమకు లొంగుతుంది. శతాబ్దాలు గడిచేసరికి బయటివైపు మశూచి మచ్చల్లా చిన్న చిన్న గుంటలు పడతాయి, తెల్లని పొర కడుతుంది. గుంటలు ఉన్నాయి కదా అని పాతదనీ, నునుపుగా ఉంది కదా అని కొత్తదనీ తీర్పు చెప్పడానికి మాత్రం వీల్లేదు. 12వ శతాబ్దిలో ఫ్రాన్సులోని సేన్ దెనీ, షార్త్ర్ చర్చీలకూ, ఇంగ్లండులోని యార్క్ చర్చికీ వాడిన నీలి గాజులో కొంత సోడాతో చేసినది. పక్కనున్న ముక్కలన్నీ మసకబారినా అది నిన్న చేసినట్టు మెరుస్తూనే ఉంది. వయసు ఒకటే, పాళ్లు వేరు.

పాళ్లు కాలంతోపాటు మారాయి కనుక అవే తారీఖులయ్యాయి. 16వ శతాబ్ది రెండో భాగంలో ఫ్రాన్సు నుంచి వలస వచ్చిన గాజు పనివాళ్ల చేతిలో ఇంగ్లండు గాజులో సున్నం పాలు పెరిగింది. 1700 ప్రాంతం నుంచి కిటికీ గాజుకు సముద్రపు నాచు బూడిద వాడారు. దానివల్ల గాజులో స్ట్రాంషియం అనే లోహం జాడ మిగిలింది. 1830ల తర్వాత కర్మాగారంలో రసాయనికంగా చేసిన సోడా వచ్చింది, నాచు బూడిద పోయింది. ఒక ముక్కలో స్ట్రాంషియం పాలు హెచ్చుగా ఉంటే, పైన గీసిన సాధువు ముఖం 14వ శతాబ్ది వాడిలా ఎంత అచ్చంగా ఉన్నా, ఆ ముక్క అప్పటిది కాదని అనుమానించాలి. సముద్రతీరంలో నాచు ఏరి కాల్చిన కూలి చేసిన పని, రెండు శతాబ్దాల తర్వాత ప్రయోగశాలలో సాక్ష్యంగా నిలబడుతుంది.

ఇక్కడే ఒక జనశ్రుతిని పక్కన పెట్టాలి. పాత కిటికీ అద్దం కింద మందంగా, పైన పలచగా ఉంటుందనీ, గాజు ద్రవం కనుక శతాబ్దాలుగా కిందికి జారిందనీ కొన్ని పాఠ్యపుస్తకాలు కూడా రాశాయి. అది నిజం కాదు. మామూలు వేడిలో గాజు కంటికి కనిపించేంత జారాలంటే విశ్వం వయసు కూడా చాలదని 1998లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు జనోటో లెక్కకట్టి చూపించాడు. మందం తేడా ఊదినవాడి చేతిది. గాజు ముద్దను గిరగిర తిప్పి చక్రంలా పరిచినప్పుడు నడుమ మందం, అంచు పలచన అవుతుంది. అందులోని బుడగలు వంపు తిరిగి ఉంటాయి. స్తంభంలా ఊది నిలువునా కోసి చదును చేస్తే బుడగలు ఒకే దిక్కుగా సాగి ఉంటాయి. ప్రకృతికి అంటగట్టిన ఘనత నిజానికి పనివాడిదని తేలింది.

తర్వాత కుంచె పని. 1300 ప్రాంతంలో ఒక గొప్ప మార్పు వచ్చింది. వెండి లవణాన్ని మట్టితో కలిపి గాజు వెనకవైపు పూసి కాలిస్తే, తెల్ల గాజు పసుపు తిరుగుతుందని కనిపెట్టారు. లేత నిమ్మ రంగు నుంచి ముదురు నారింజ దాకా తేవచ్చు. అంతకు ముందు దేవదూతకు బంగారు జుట్టు కావాలంటే జుట్టుకు వేరే ముక్క కోసి, ముఖానికీ జుట్టుకూ మధ్య సీసపు గీత పెట్టవలసిందే. ఇప్పుడు ముఖమూ, జుట్టూ, కిరీటమూ ఒకే ముక్కమీద వచ్చాయి. కాబట్టి తెల్లని ముఖమూ పసుపు జుట్టూ ఒకే గాజుమీద ఉంటే ఆ ముక్క 13వ శతాబ్ది నడిమి కాలానిది కానేరదు. 16వ శతాబ్ది మధ్య నాటికి ఎనామిల్ రంగులు వచ్చాయి. నీలం, ఊదా, ఆకుపచ్చలను కూడా కుంచెతోనే వేయగలిగారు. ఆ తర్వాత సీసపు గీతలు బొమ్మ ఆకారాన్ని వదిలేసి నిలువు అడ్డ గళ్లుగా మారిపోయాయి. గాజు పలక కాన్వాసును అనుకరించడం మొదలుపెట్టింది. లాభం కలిగింది, నష్టమూ కలిగింది.

ఎరుపు గాజుకు మరో కథ ఉంది. నిండా ఎర్రగా చేస్తే వెలుగు రానీయదు కనుక, తెల్ల గాజుమీద పలచని ఎర్ర పొర తొడిగేవారు. ఆ పొరను గీకి తెల్ల నమూనా తీయడం పాత పద్ధతి. గీకిన గరుకు గుర్తులు వేలికి తగులుతాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పొరను తినిపించడం పరిశ్రమలో విస్తరించింది 19వ శతాబ్దిలో. ఆ అంచు నున్నగా, సమంగా ఉంటుంది. 15వ శతాబ్ది రాజచిహ్నంలో ఆమ్లం నునుపు కనబడితే, ఆ ముక్క తర్వాత అతికించిందని గ్రహించాలి.

సీసం కూడా మాట్లాడుతుంది. మధ్యయుగపు బద్దను అచ్చులో పోత పోసి, కత్తితో చెక్కి సరిచేసేవారు. 16వ శతాబ్దిలో పళ్ల చక్రాల మధ్య సీసాన్ని లాగే చిన్న యంత్రం వాడుకలోకి వచ్చింది. ఆ పళ్ల గుర్తులు బద్ద గాడిలోపల వరసగా పడతాయి. కొందరు తమ చక్రాలమీద పేరూ, సంవత్సరమూ చెక్కించుకున్నారు. ఎవరికీ కనబడని ఆ గాడిలో పనివాడి పేరు మళ్లీ మళ్లీ అచ్చయింది. మరమ్మతుకు పలక విప్పినప్పుడే అది బయటపడుతుంది.

చివరగా, బొమ్మలోనే ఉన్న ఆధారాలు. ఇంగ్లండులో గుండ్రని లొంబార్డు పెద్దక్షరాలు 14వ శతాబ్దిలో క్రమంగా తగ్గి, కోసుగా ఉండే నల్లలిపి వచ్చింది. ఇది మన శాసన లిపి పరిశోధకులకు సుపరిచితమైన పద్ధతే. 1340లో ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు ఫ్రాన్సు సింహాసనం తనదంటూ తన చిహ్నంలో ఫ్రెంచి లిల్లీ పూలను కలుపుకున్నాడు. 15వ శతాబ్ది తొలి ఏళ్లలో ఆ పూలు మూడుకు కుదించబడ్డాయి. సింహాల పక్కన లిల్లీలు ఉంటే 1340కి ముందుది కాదు. అలాగే 1511లో పుస్తకంగా అచ్చయిన డ్యూరర్ కొయ్యచెక్క బొమ్మలను చూసి గీసిన గాజు పలక ఆ ముద్రణకు ముందుకు సాధారణంగా పోదు. వెనక్కి మాత్రం ఎంత దూరమైనా రావచ్చు. ఒక గ్రంథంలో మరో గ్రంథం ఉదహరింపబడితే మనం చెప్పేది కూడా ఇంతే కదా: దీనికి ముందు కాదు, ఎంత తర్వాతో తెలియదు.

3

ఇన్ని సాక్ష్యాలుండగా తేల్చడం సులువే అనిపించవచ్చు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక పలకకు ఒకే తారీఖు ఉండదు.

సీసం మెత్తని లోహం. నూరు, నూటయాభై ఏళ్లకు అది అలసిపోతుంది. ప్రతిసారీ పలకను విప్పి కొత్త బద్దలతో కడతారు. పగిలిన ముక్కల స్థానంలో కొత్తవో, మరో కిటికీలోంచి తీసినవో పెడతారు. అక్షరాలు తలకిందులైన ముక్క, ఒక సాధువు మెడమీద మరొకరి తల, రాజు చేతిలో అతనికి సంబంధం లేని పువ్వు, ఇలాంటివి పాత కిటికీలలో కోకొల్లలు. వేమన పేర చేరిపోయిన పద్యాలను గుర్తుచేసుకుంటే ఈ స్థితి మనకు వింతగా తోచదు. గాజులోనూ ప్రక్షిప్తాలున్నాయి, పాఠాంతరాలున్నాయి, లుప్త భాగాలున్నాయి.

విధ్వంసం కూడా చరిత్రే. 1547లో ఇంగ్లండు రాజశాసనం విగ్రహారాధనను రేపెట్టే బొమ్మలను తొలగించమంది. అంతర్యుద్ధ కాలంలో 1643, 1644లలో విలియం డౌసింగ్ తూర్పు ఇంగ్లండు చర్చీలు తిరుగుతూ, ఎక్కడ ఎన్ని బొమ్మలు పగలగొట్టించాడో దినచర్య రాసుకున్నాడు. పగలగొట్టినవాడి లెక్కే ఈనాడు పోయినవాటికి ఆధారమైంది. ఫ్రాన్సులో 1789లో చర్చి ఆస్తులు జాతీయమయ్యాయి, మఠాలు మూతపడ్డాయి. 1802 నాటి శాంతి సంధి తర్వాత, నార్విచ్‌లో బట్టల వ్యాపారం చేసే హాంప్ అనే జర్మన్ వలసదారు ఫ్రాన్సు నుంచి, జర్మనీ నుంచి విప్పిన గాజును పెట్టెలకెత్తి ఇంగ్లండులో అమ్మాడు. జర్మనీలోని స్టైన్‌ఫెల్డ్ మఠపు గాజు అలా ఇంగ్లండు చేరి ఆష్‌రిడ్జ్ అనే ప్రభువుల భవనంలో కుదురుకుంది. అక్కడ దాన్ని చూసిన ఎం. ఆర్. జేమ్స్ అనే పండితుడు, 1904లో ప్రచురించిన ఒక దయ్యం కథకు స్టైన్‌ఫెల్డ్ గాజునే ఇతివృత్తంగా వాడుకున్నాడు. 1928లో ఆ గాజు వేలంలో అమ్ముడుపోయి లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియానికి చేరింది. భక్తుల సొత్తు సరుకయింది, సరుకు ప్రభువుల అలంకారమయింది, అలంకారం ప్రదర్శన వస్తువయింది. ప్రతి మజిలీలోనూ కొన్ని ముక్కలు మారాయి.

అన్నిటికన్నా పాఠం చెప్పే సంగతి వించెస్టర్ కళాశాల చాపెల్‌ది. 1393 ప్రాంతంలో అక్కడ తూర్పు కిటికీకి గాజు అమర్చారు. 1820లలో శుభ్రం చేయించడానికని ఆ గాజును శ్రూస్‌బరీలోని ఒక కార్ఖానాకు పంపారు. తిరిగి వచ్చింది కొత్త నకలు. అసలు పలకలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్ని చాలాకాలం తర్వాత మ్యూజియంలలో తేలాయి. కొన్నింటిని కళాశాల తిరిగి సంపాదించి, 20వ శతాబ్ది మధ్యలో మరో కిటికీలో అమర్చుకుంది. కార్ఖానా పని ఎంత చక్కగా ఉన్నా, అది 1820ల నాటి చక్కదనం.

19వ శతాబ్ది మరో చిక్కు తెచ్చిపెట్టింది. చార్లెస్ విన్‌స్టన్ అనే ఇంగ్లీషు న్యాయవాది 1847లో పాత గాజు చిత్రాల శైలీభేదాలపై ఒక ముఖ్యమైన గ్రంథం ప్రచురించాడు. కాలనిర్ణయానికి ఆధునిక పునాది వేసినవారిలో ఆయనొకడు. పాత గాజు ముక్కలను రసాయన పరీక్ష చేయించి, ఆ పాళ్లతో కొత్త గాజు చేయించింది కూడా ఆయనే. ఆ తరహా చేతితో ఊదిన కొత్త గాజుకు వ్యాపారంలో పెట్టిన పేరు 'యాంటిక్ గాజు'. ఈనాటికీ దుకాణంలో ఆ మాటకు అర్థం పాత గాజు అని కాదు, పాత పద్ధతిలో ఊదిన కొత్త గాజు అని. మాటను నమ్మి వస్తువును చూడనివాడు మొదటి అడుగులోనే బోల్తాపడతాడు. అసలును గుర్తుపట్టే విద్య పెరిగినకొద్దీ నకలు చేసే విద్యా పెరిగింది. 19వ శతాబ్ది పనివాళ్లు కొత్త పలకమీద పాత మురికిని కూడా కుంచెతో గీసి కాల్చారు. ఆ మురికి గాజు గుంటల్లో ఉండదు, నునుపైన గాజుమీద పొరగా ఉంటుంది.

ఈ స్థితికి తగిన పరిష్కారాన్ని 1952లో మొదలైన 'కార్పస్ విట్రియారుమ్' అనే అంతర్జాతీయ సంస్థ పండితులు చూపారు. వారు ప్రతి పలకకూ ఒక నక్షా గీస్తారు. ఏ ముక్క తొలి నాటిది, ఏది ఫలానా మరమ్మతులో వచ్చింది, ఏది వేరే కిటికీది అని ఒక్కో కాలానికి ఒక్కో గుర్తు వేస్తారు. "ఈ కిటికీ ఏ శతాబ్దిది?" అన్న ప్రశ్న అలా "ఈ కిటికీలో ఏ ముక్క ఏ శతాబ్దిది?" అన్న ప్రశ్నగా మారింది. మన కావ్యాలకూ, ముఖ్యంగా నోటిమీద బతికిన పదాలకూ, శతక పద్యాలకూ ఇటువంటి నక్షాలు గీయవలసిన అవసరం ఎంతైనా ఉంది.

4

రాతను నమ్మడం అన్న మొదటి దారి సంగతి ఇప్పుడు చూద్దాం. గాజుమీద ఎవరి పేరు ఉంటుంది?

పారిస్ దగ్గరి సేన్ దెనీ మఠాధిపతి సూజే తాను కొత్తగా కట్టించి 1144లో ప్రతిష్ఠ చేయించిన చర్చి భాగంలో, మేరీమాత పాదాల దగ్గర తన బొమ్మనూ, పేరునూ వేయించుకున్నాడు. ఆ పేరు కాలనిర్ణయానికి విలువైన ఆధారమే. అయినా అది ఖర్చుపెట్టించినవాడి పేరు. గాజు కోసినవాడి పేరు కాదు. కృతిభర్త పేరు మిగిలి లేఖకుడి పేరు చెరిగిపోవడం మనకు తెలిసినదే.

షార్త్ర్ చర్చి సంగతి ఇంకా ఆసక్తికరమైనది. 1194లో పాత చర్చి కాలిపోయాక కట్టిన ఈ చర్చిలో నలభైకి పైగా కిటికీల అడుగున వృత్తులవారి బొమ్మలున్నాయి. రొట్టెలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు, తోలు పనివారు తమ తమ పనుల్లో మునిగి కనిపిస్తారు. వృత్తి సంఘాలు భక్తితో చందాలు వేసుకుని ఈ కిటికీలు ఇచ్చాయనీ, ఇది ప్రజల చర్చి అనీ చాలాకాలం చెప్పుకున్నారు. ప్రజల బొమ్మ కనిపించింది కనుక ప్రజల గొంతు వినిపించిందని అనుకున్నారు. 1993లో జేన్ వెల్చ్ విలియమ్స్ అనే పరిశోధకురాలు ఈ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించింది. ఆ నాటికి షార్త్ర్‌లో అలాంటి స్వతంత్ర సంఘాలకు ఆధారాలు చాలవనీ, పట్టణపు వృత్తిదారులమీద, వారి పన్నులమీద చర్చి పెద్దల అధికారం ఎంతో ఉందనీ, ఈ బొమ్మలు పనివారు ఎలా ఉండాలని చర్చి కోరుకుందో చెబుతాయనీ ఆమె వాదించింది. 1210లో అదే పట్టణ ప్రజలు చర్చి డీన్ ఇంటిమీద దాడిచేసిన సంగతి ఆ వాదానికి బలమిస్తుంది. ఆమె నిర్ణయాలన్నిటినీ అందరూ ఒప్పుకోలేదు. అయినా ఒక ప్రశ్న నిలిచింది: శ్రామికుడి బొమ్మ ఉన్నంత మాత్రాన అది శ్రామికుడి మాట అవుతుందా? ఈ ప్రశ్న మన కథలకూ, నవలలకూ వర్తించదని ఎవరనగలరు?

పనివాడి పేరు నిజంగానే కనిపించే చోట్లు అరుదు. 12వ శతాబ్ది మధ్యకాలపు జర్మన్ పలక ఒకదానిలో, మోజెస్ బొమ్మ కింద గెర్లాకస్ అనే పనివాడు చేతిలో కుంచె, రంగు గిన్నె పట్టుకుని ఉన్నాడు. తనను కరుణించమని దేవుణ్ణి వేడుకునే అక్షరాలు చుట్టూ రాసుకున్నాడు. 13వ శతాబ్దిలో రూఆఁ చర్చిలోని జోసెఫ్ కిటికీమీద షార్త్ర్‌కు చెందిన క్లెమెంట్ అనే గాజు పనివాడి సంతకం ఉంది. ఇందాక చెప్పిన వించెస్టర్ కిటికీ అడుగున థామస్ తన బొమ్మ వేసుకుని, ఈ గాజు పని చేసినవాణ్ణి తానేనని లాటిన్‌లో రాసుకున్నాడు. ఆ కిటికీ నకలుగా మారిన కథ తెలిసింది కనుక, థామస్ గర్వంగా రాసుకున్న ఆ మాట ఇప్పుడు అతను తాకని గాజుమీద ఉందన్న సంగతి కూడా మనకు తెలుసు. రాతను మాత్రమే నమ్మితే ఎక్కడికి చేరతామో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

5

ఇక శైలి. శైలిని చూసి కాలం చెప్పడం వట్టి ఊహ అని తోసిపుచ్చే తొందర కొందరికి ఉంది. ఆ తొందర కూడా పొరపాటే. కాంటర్‌బరీ ఇందుకు తార్కాణం.

ఎలియట్ 1935లో రాసిన 'మర్డర్ ఇన్ ది కెథడ్రల్' నాటకం చదివిన విద్యార్థులకు కాంటర్‌బరీ కొత్త కాదు. 1170లో ఆర్చిబిషప్ బెకెట్‌ను హత్య చేసింది ఆ చర్చిలోనే. 1174 జూలైలో రాజు రెండో హెన్రీ అక్కడికి వచ్చి కొరడా దెబ్బలు తిని ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. అదే ఏడు సెప్టెంబరులో చర్చి తూర్పు భాగం కాలిపోయింది. తిరిగి కట్టిన భాగంలో పై వరస కిటికీలకు ఏసుక్రీస్తు పూర్వీకుల బొమ్మలు అమర్చారు. కట్టడం 1174 తర్వాతిది కనుక గాజు కూడా ఆ తర్వాతిదేనని అందరూ అనుకున్నారు. 1987లో మాడెలిన్ కావినెస్ అనే పండితురాలు వాటిలో కొన్ని బొమ్మల నిలబడే తీరు, మడతల గీత, రూప నిర్మాణం మిగతావాటికన్నా పాతవిగా ఉన్నాయనీ, అవి అగ్నిప్రమాదానికి ముందువి అయి ఉండాలనీ అన్నది. శైలి తప్ప ఆమె చేతిలో మరో ఆధారం లేదు.

ముప్పై నాలుగేళ్ల తర్వాత, 2021లో, లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో ఆ పలకలను పరీక్షించారు. సీసపు బద్దల మధ్య పరికరాన్ని గాజుకు సరిగా ఆనించడానికి ప్రత్యేకంగా ఒక చిన్న తొడుగు తయారుచేశారు. గాజును గీకలేదు, ముక్క తీయలేదు. నాథన్ ప్రవక్త బొమ్మ వంటి కొన్నింటిలో గాజు పాళ్లు మిగతా వరసతో కలవలేదు. అవి 1130, 1160ల మధ్య కాలానికి చెందినవి కావచ్చునని తేలింది. అంటే బెకెట్ తలపైకెత్తి చూసిన గాజులో కొంత నేటికీ మిగిలి ఉండవచ్చు. అగ్నిప్రమాదం నుంచి ఎవరో ఆ పలకలను కాపాడి ఉండాలి. తర్వాత ఎవరో వాటిని కొత్త కిటికీల కొలతలకు సరిపెట్టి ఉండాలి. వారెవరో ఏ చరిత్రా రాయలేదు. 1643లో కల్మర్ అనే మతాచార్యుడు నిచ్చెన ఎక్కి ఈటెతో అదే చర్చి గాజు పగలగొట్టాడు. ఆయన పేరు మాత్రం మిగిలింది.

కావినెస్ కన్ను శైలిలో అసంగతిని పట్టింది. పరికరం గాజు పాళ్లలో అసంగతిని పట్టింది. కన్ను లేకపోతే ఏ పలకను పరీక్షించాలో పరికరానికి తెలియదు. పరికరం లేకపోతే ఆ మాట ఎంత నిజమైనా అభిప్రాయంగానే మిగిలిపోయేది. రూప విమర్శా, వస్తు విమర్శా ఒకదానికొకటి శత్రువులన్నట్టు మన సాహిత్యరంగంలో సాగే వాదులాటకు ఈ ఉదాహరణ ఒక సమాధానం అనుకుంటాను. రూపాన్ని శ్రద్ధగా చూసినవాడు సరైన ప్రశ్న వేస్తాడు. ఆ రూపాన్ని సాధ్యం చేసిన పని పరిస్థితులను చదివినవాడు దానికి జవాబు రాబడతాడు.

6

ఇదంతా ఎక్కడో యూరపు సంగతి అనుకోనక్కరలేదు. మన తెలుగు నేలమీదా రంగుగాజు కిటికీలున్న ప్రసిద్ధ చర్చి ఉంది. మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. దానికి సారథ్యం వహించిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు అందరికీ తెలుసు. కిటికీలకు రూపకల్పన చేసిన ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరూ తెలుసు. ఈ కిటికీలు యూరపు గాజుతో పోలిస్తే నిన్నటివి. అయినా సూత్రం ఇక్కడా అదే. కట్టడం తారీఖు చూసి గాజు తారీఖు చెబితే తప్పుతాం. ఆరోహణ కిటికీ 1927లో, జనన కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. ఒకే గోడల మధ్య మూడు కాలాలున్నాయి. మొదటిది నిజాం పాలనలో వచ్చింది, చివరిది ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చింది.

ఆ గోడలకు రాళ్లు మోసింది కరువు రోజుల్లో తిండికోసం పనికి వచ్చిన చుట్టుపక్కల పల్లెల జనం. వారి పేర్లు ఏ కిటికీ అడుగునా లేవు. అక్కడ గెర్లాకస్ కుంచె లేదు, థామస్ సంతకం లేదు. రాత లేదు కదా అని చరిత్ర లేదనడానికి వీల్లేదని ఇంతవరకు చూసిన గాజు పలకలు మనకు చెబుతున్నాయి. సీసపు గాడిలో పళ్ల గుర్తును చదివినట్టు, నీటి నాచు బూడిదను లెక్కగట్టినట్టు, ఆ రాళ్లమీద ఉలి దెబ్బలనూ, ఆ ఊళ్లలో వృద్ధులు తమ పెద్దల గురించి చెప్పుకునే మాటలనూ చదివి నమోదు చేయవలసి ఉంది. కిటికీలకు తారీఖులు ఉన్నాయి. గోడ కట్టినవాళ్ల లెక్క ఇంకా రాయవలసే ఉంది.